సున్నా వస్తేనే సీసా

ప్రజా టపా మండలి పెద్దలకి ఒక మంగళవారం పొద్దున్నే జ్ఞానోదయమైంది. జనం ఉత్తరాలు రాయడం మానేశారు గానీ తాగడం మానలేదు కదా, ఇన్నాళ్లూ మనం తప్పు సరుకు మోస్తున్నామా ఏంటి అని. బుధవారం కమిటీ వేశారు. గురువారం నివేదిక వచ్చింది. శుక్రవారం ఉత్తర్వు మీద సంతకాలు కూడా అయిపోయాయి. ఇకమీదట మందు సీసాలు పోస్టులో పంపొచ్చు, పోస్ట్‌మ్యానే గుమ్మం దాకా తెచ్చిస్తాడు.

ఆ ఉత్తర్వు జువ్వలపాడు చేరడానికి మాత్రం నలభై రోజులు పట్టింది. దాన్ని పోస్టులో పంపారు మరి.

జువ్వలపాడు పోస్టాఫీసంటే పంచాయతీ వాళ్లిచ్చిన ఒకే ఒక్క గది. అందులో ఒక బల్ల, ఒక తూకం, ఒక వేలిముద్రల మిషను, సిగ్నల్ కోసం కిటికీ ఊచకి కట్టిన డాంగిల్. వీటన్నిటికీ అధిపతి మంజీర. ఇరవై ఆరేళ్లు. బీటెక్, ఎలక్ట్రానిక్స్. ఈ ఉద్యోగానికి వాళ్లు అడిగింది పదో తరగతి మార్కులు మాత్రమే. ఆ తర్వాత చదివిన ఆరేళ్ల గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదని మొదట్లో మంజీర బాధపడింది. తర్వాత, బ్యాక్‌లాగుల గురించి కూడా అడగలేదు కదా అని సర్దుకుంది.

ఆవిడ కింద పనిచేసేది ఒక్కడే, పోస్ట్‌మ్యాన్ దావీదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, ఒక సైకిలు, ఊళ్లో ఎవరింట్లో ఏ కూర వండారో వాసన చూసి చెప్పగల ముక్కు.

ఈ ఆఫీసులో ఉత్తరాలు పెద్దగా ఉండవు. ఐదో తారీఖు మాత్రం వాకిలి నిండిపోతుంది. ఊళ్లో ముప్పై ఒక్కమంది అవ్వలు వచ్చి వేలు పెట్టి పింఛను తీసుకుంటారు. ఈ ఆఫీసు లేకపోతే వాళ్లు పద్నాలుగు కిలోమీటర్ల అవతలున్న పెదమిట్ట పోవాలి. పెదమిట్టకి రోజుకి ఒకే బస్సు, అది కూడా డ్రైవర్ మూడ్‌ని బట్టి. ఆఫీసుకి ఆదాయం లేదు కాబట్టి పెదమిట్టలో కలిపేస్తామని మండలి రెండేళ్లుగా బెదిరిస్తూనే ఉంది.

అలాంటి రోజుల్లో, ఉత్తర్వు వెనకాలే ఇన్‌స్పెక్టర్ కృపాకరరావు గారు జీపు దిగారు. చంకలో ఒక అట్టపెట్టె.

"తమకు ఉత్తర్వు అందినదా?" అన్నారాయన కుర్చీలో కూర్చుంటూ.

"అందింది సార్. మందు మనమే ఇంటింటికీ తీసుకెళ్లి ఇవ్వాలంట కదా?"

కృపాకరరావు గారు అటూ ఇటూ చూశారు. "అమ్మా, ఆ పదం వాడరాదు. మూడో పేరా చూడండి. 'ద్రవ వస్తువు' అనవలెను."

"సరే సార్. ఆ ద్రవ వస్తువు తాగేవాళ్లు..."

"వినియోగించుకొనేవారు."

"వాళ్లు ఆర్డర్ పెడితే మనం ఇచ్చేయడమేనా?"

"అంత బాధ్యతారహితంగా ఎట్లా ఇస్తామమ్మా?" ఆయన అట్టపెట్టె విప్పారు. లోపల గొట్టం ఉన్న చిన్న మిషను. "ఏడో నిబంధన. సదరు ద్రవ వస్తువును మత్తులో ఉన్న వ్యక్తికి ఎట్టి పరిస్థితుల్లోనూ బట్వాడా చేయరాదు. చిరునామాదారు ఇందులో ఊదవలెను. సున్నా వచ్చినచో ఇవ్వవలెను. సున్నా రానిచో ఏడు రోజులు ప్రయత్నించి వెనక్కి పంపవలెను."

మంజీర ఒక నిమిషం ఆలోచించింది. "సార్, చిన్న డౌటు. ద్రవ వస్తువు తెప్పించుకునేవాళ్లు మామూలుగా ద్రవ వస్తువు అలవాటున్నవాళ్లే అయ్యుంటారు. వాళ్లకి సున్నా ఎప్పుడొస్తుంది?"

"అది విధానపరమైన ప్రశ్న. మనది అమలు విభాగం." ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "పోతే, ప్రతి శాఖా నెలకు వంద ద్రవ వస్తువులు బట్వాడా చేయాలని మండలి ఆకాంక్షిస్తున్నది. ఇది లక్ష్యం కాదు. ఆకాంక్ష మాత్రమే."

"ఆకాంక్ష తీరకపోతే?"

"ఆఫీసు మూసేస్తాం."

జీపు వెళ్లిపోయింది. దావీదు ఆ మిషన్ని తిప్పి తిప్పి చూసి, "తాగనోళ్లకే మందు ఇయ్యమనేనా అమ్మా దీనర్థం?" అన్నాడు.

"ద్రవ వస్తువు, బాబాయ్."

"ఏదో ఒకటి. నాకైతే ఒక్కటే అర్థమైంది. ఈ ఊళ్లో ఆ సీసా తీసుకునే అర్హత ఉండే మగోణ్ణి నేనొక్కణ్ణే. నాకేమో అక్కర్లేదు."

మొదటి సీసా మేస్త్రీ మస్తానయ్య పేరున వచ్చింది. మూడూళ్లలో అంత బాగా గోడ లేపేవాడు లేడు, మధ్యాహ్నం పన్నెండు దాకా. ఊళ్లో బెల్టు షాపు ఉంది గానీ అక్కడి సీసాల్లో మందు తక్కువ, బోరు నీళ్లు ఎక్కువ. పోస్టులో వచ్చేది సీలు తియ్యనిదంట అని తెలిసి మస్తానయ్య ఫోన్లో ఆర్డర్ పెట్టుకున్నాడు. టపా సంచీ రెండు గంటల బస్సుకి వస్తుంది. మస్తానయ్య రెండుంబావుకే పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్నాడు, పెళ్లికొడుకులా తల దువ్వుకుని.

"ఊదు మేస్త్రీ," అన్నాడు దావీదు.

ఊదాడు. నూట పద్నాలుగు. మిషను ఎర్రగా వెలిగి కీచుమంది.

"ఇది నిన్నటిదమ్మా," అన్నాడు మస్తానయ్య మంజీర వైపు తిరిగి. "ఇయ్యాల్ది కాదు."

"మిషనుకి తారీఖు తెలీదు మేస్త్రీ. సున్నా రావాలంట."

మస్తానయ్య సీసా వైపు చూశాడు, మిషను వైపు చూశాడు. "అంటే తాగినోడికి ఇయ్యరు."

"ఇవ్వం."

"తాగకపోతే నాకిది ఎందుకు?"

మండలిలోని పదకొండు మంది పెద్దలకి నాలుగు రోజులు తట్టని ప్రశ్న మేస్త్రీకి నాలుగు క్షణాల్లో తట్టింది. మంజీర దగ్గర దీనికీ ఒక ఫారం ఉంది. 'ప్రయత్నం ఒకటి, విఫలం' అని రాసింది.

రెండో రోజు మస్తానయ్య లవంగాలు నమిలొచ్చాడు. తొంభై ఆరు. మూడో రోజు రెండు చెంబుల మజ్జిగ తాగొచ్చాడు. ఎనభై ఎనిమిది. నాలుగో రోజు పచ్చి ఉల్లిపాయ తినొచ్చి ఊదితే మిషను తొంభై చూపించింది, దావీదు మాత్రం బయటికెళ్లిపోయాడు. ఐదో రోజు నిజంగానే పొద్దుట్నించీ ముట్టకుండా కూర్చున్నాడు. ఆ రోజు వాళ్ల వదినకి షష్టిపూర్తి, వదినే స్వయంగా ఒక గ్లాసు పోసిచ్చింది, పెద్దావిడ మాట తీసెయ్యలేకపోయాడు. ఆరో రోజు సున్నా వచ్చింది! అరుగు మీదున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. కానీ ఒకరోజు మానేసిన చెయ్యి వణికి, సంతకం పాసుపుస్తకంలోని సంతకంతో కలవలేదు. ఏడో రోజు సీసా తిరుగు బస్సెక్కింది. దాన్ని సాగనంపడానికి మస్తానయ్య బస్‌స్టాపు దాకా వచ్చాడు.

ఆ నెల జువ్వలపాడుకి అరవై నాలుగు సీసాలొచ్చాయి. బట్వాడా అయింది ఒక్కటి. అది కూడా దగ్గు మందనుకుని ఆర్డర్ పెట్టిన రిటైర్డు హెడ్మాస్టరుకి.

ఐదో తారీఖొచ్చింది. అవ్వలొచ్చారు. వరసలో అందరికంటే ముందు సుబ్బరత్తమ్మ. అరవై ఎనిమిదేళ్లు, మిరప కోతల్లో వేళ్లు అరిగి ఏ మిషనుకీ తొందరగా పట్టుబడని మనిషి. మంజీర ఆవిడ బొటనవేలు మీద గ్లిజరిన్ రాసి, తుడిచి, మళ్లీ పెట్టించేలోపు ఆవిడ కళ్లు బల్ల మీది గొట్టం మిషను మీద పడ్డాయి.

"ఏందే పాపా ఇది?"

"ఊదితే తాగారో లేదో చెప్తుందవ్వా."

"ఏదీ, ఇటియ్యి."

సుబ్బరత్తమ్మ కట్టెల పొయ్యి ఊదినట్టు ఊదింది. సున్నా. పచ్చ లైటు వెలిగి, మిషను చిన్న సంగీతం కూడా వినిపించింది. ఆ సంగీతం ఉందని మంజీరకే అప్పటిదాకా తెలీదు. వెనకున్న అవ్వలంతా మాకూ ఇయ్యి మాకూ ఇయ్యి అని ఎగబడ్డారు. ముప్పై ఒక్క సున్నాలు, ముప్పై ఒక్కసార్లు సంగీతం.

అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న మస్తానయ్య ఇదంతా చూశాడు. బీడీ ఆర్పేశాడు.

తర్వాతి వారం సుబ్బరత్తమ్మ పేరున నాలుగు సీసాలొచ్చాయి.

"అవ్వా," అంది మంజీర, "ఇవి నీకేనా?"

"పేరు నాదేనా కాదా?"

"నీదే."

"ఆధారు నెంబరు?"

"నీదే."

"మరింకేంది?"

"నువ్వు తాగుతావా?"

"అది నీ మిషన్ని అడుగు," అని సుబ్బరత్తమ్మ గొట్టం లాక్కుని ఊదింది. సంగీతం వచ్చింది.

మంజీర ఆ పూట రూల్స్ పుస్తకం మొదట్నించీ చివరిదాకా చదివింది. సంతకం అయ్యేదాకా వస్తువు ఎలా పట్టుకోవాలో, ఎలా తూచాలో, వానొస్తే ఎలా కప్పాలో అన్నీ ఉన్నాయి. సంతకం అయ్యాక ఆ వస్తువుని ఎవరేం చేసుకోవాలో ఒక్క ముక్క లేదు. పుస్తకం మూసి సంతకం పెట్టించుకుంది. నిజం చెప్పాలంటే అప్పుడు తన కళ్ల ముందు మెదిలింది రూలు కాదు, వంద అనే అంకె.

ఆర్డరూ డబ్బూ మస్తానయ్యవే అయినా, సుబ్బరత్తమ్మ అతనికి సీసా ఊరికే ఇవ్వలేదు. రెండేళ్ల కిందటి వానల్లో ఆవిడ వంటింటి గోడ కూలిపోయింది, అప్పట్నించీ ఇదిగో చేస్తా అదిగో చేస్తా అంటున్నది ఈ మస్తానయ్యే. సీసాలు ఊరగాయ జాడీల పక్కన ఉట్టి మీద పెట్టి, "గోడ లేపు. లేచిన కాడికి పోస్తా" అంది. పోయడం కూడా ఎలా? పొద్దు గూకాక, అన్నం తిన్నాక, నూనె కొలిచే గిద్దతో.

"గిద్దేందవ్వా, నేనేమన్నా చంటిపిల్లోడినా?"

"రేపు ఈ టయానికి బావి గిలక కూడా బిగించు. ఇంకో అర గిద్ద పోస్తా."

వారం తిరిగేలోపు ఊళ్లో ప్రతి తాగుబోతూ ఒక అవ్వని వెతుక్కున్నాడు. అవ్వలకి డిమాండ్ పెరిగింది. తుమ్మ మొద్దులు చీలాయి, దొడ్లకి తలుపులు లేచాయి, మూడేళ్లుగా కారుతున్న రేకులు కారడం మానేశాయి. నాలుగో వీధి అవ్వయితే చేయించుకునే పనేమీ లేక, తన వంతు తాగుబోతు చేత రోజూ సాయంత్రం ఎక్కాలు అప్పజెప్పించుకుంది. పొద్దున తాగితే సాయంత్రం గిద్ద కోసేస్తున్నారని మగవాళ్లు పొద్దున్నే పనిలోకి పోవడం మొదలుపెట్టారు.

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఈ ఊరు ఇట్టా ఉండటం నేను చూళ్ళేదమ్మా," అన్నాడు దావీదు సైకిలుకి స్టాండు వేస్తూ. "ఇది ఎవరి పథకమో గానీ, వాళ్లు అనుకుంది మాత్రం ఇది కాదు."

మూడు నెలల్లో అవ్వల పేరున నాలుగు వందల పన్నెండు సీసాలు బట్వాడా అయ్యాయి. 'ఉత్తమ ద్రవ శాఖ' అని మండలి నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. విలీనం జాబితాలోంచి జువ్వలపాడు పేరు తీసేశారు. మంజీర ఆ కాగితాన్ని వేలిముద్రల మిషను పైన గోడకి అంటించింది.

అంటించిన పదకొండో రోజు వ్యాను వచ్చింది.

వ్యానుకి ఈ చివర్నించి ఆ చివరిదాకా ఫ్లెక్సీ. 'అవ్వా! ఇక చాలు!' ముందు సీట్లో కృపాకరరావు గారు, వెనక సీట్లో తెల్లకోటు డాక్టరు గారు, ఇద్దరి మొహాల్లోనూ ఎవరో పోయినంత గాంభీర్యం.

"మండలి డేటా విభాగం వారు దిగ్భ్రాంతికర వాస్తవం వెలికితీసినారు," అన్నారు కృపాకరరావు గారు. "రాష్ట్రం మొత్తమ్మీద ద్రవ వస్తువును అత్యధికంగా వినియోగించుకొనుచున్నది జువ్వలపాడుకు చెందిన అరవై దాటిన మహిళలు."

మంజీరకి విషయం వెంటనే అర్థమైంది. ఊరి వారీగా, వయసు వారీగా, ఆడా మగా వారీగా విడగొట్టి, ఎక్కువ నుంచి తక్కువకి పేర్చమని కంప్యూటర్‌కి ఒక్క లైను రాసుంటారు. ఆ లైను తనూ రెండో సంవత్సరం ల్యాబ్‌లో రాసింది, పదికి పది మార్కులొచ్చాయి. లైనులో తప్పేం లేదు. అసలు తాగిందెవరు అనే కాలమే ఆ టేబుల్లో లేదు, అంతే.

"సార్, వాళ్లెవరూ తాగరు సార్. కావాలంటే ఊదించండి."

షామియానా కింద సుబ్బరత్తమ్మని కూర్చోబెట్టి ఊదించారు. సున్నా. సంగీతం.

డాక్టరు గారు కాగితం చూసుకున్నారు. "మూడు నెలల్లో ముప్పై తొమ్మిది సీసాలు. అయినా సున్నా." ఆయన గొంతు తగ్గించారు. "ఎంత తాగినా మిషనుకే దొరకట్లేదంటే శరీరం పూర్తిగా అలవాటు పడిపోయిందన్నమాట. బాగా ముదిరిన దశ."

"నాయనా," అంది సుబ్బరత్తమ్మ, "నేను పుట్టి బుద్ధెరిగినాక కల్లు వాసన కూడా చూళ్ళేదు."

"ఒప్పుకోకపోవడం," అన్నారు డాక్టరు గారు రాసుకుంటూ. "మొదటి లక్షణం."

"ఎవురయ్యా ఒప్పుకోనిది? ముట్టుకుంటే గదా ఒప్పుకోడానికి!"

"కోపం. రెండో లక్షణం."

సుబ్బరత్తమ్మ నోరు మూసుకుంది. డాక్టరు గారు మూడో లక్షణం కూడా రాసుకున్నారు.

సాయంత్రానికి ముప్పై ఒక్కమంది అవ్వలకీ తలా ఒక కరపత్రం, ఒక నిమ్మకాయ, జీవితం మీద ఆశ కలిగించే ఒక పాటల సీడీ ఇచ్చి వ్యాను వెళ్లిపోయింది. ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. మంజీర కూడా నవ్వింది.

ఐదో తారీఖున ఎవరూ నవ్వలేదు. సుబ్బరత్తమ్మ వేలు పెట్టింది. మిషను మీద ఎర్ర అక్షరాలు. 'అనర్హులు.' ఇంకో అవ్వ పెట్టింది. 'అనర్హులు.' ఆ పొద్దున వచ్చిన మెయిల్ మంజీర అప్పుడు తెరిచింది. ద్రవ వస్తువును ఇంత భారీగా కొనగలిగిన వ్యక్తులు నిరుపేదల కిందికి రారని, కావున వారి పింఛను నిలుపుదల చేయడమైనదని అందులో ఉంది.

సుబ్బరత్తమ్మ బొటనవేలు చీర కొంగుకి తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ తుడిచి, మళ్లీ పెట్టింది.

"వేలు బాగా అరిగిపోయినట్టుందే పాపా. ఆ నూనె ఏదో రాస్తావే, అది రాయి."

"వేలు బాగానే ఉందవ్వా," అంది మంజీర. అయినా గ్లిజరిన్ రాసింది.

"బీపీ బిళ్లలు నిన్నటితో అయిపోయినయ్యి. సర్లే, రేపొస్తా."

అవ్వలు వెళ్లాక మస్తానయ్య లోపలికొచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు విడిచి మరీ వచ్చాడు, ఎప్పుడూ లేనిది.

"తాగింది నేనే అని రాసిస్తానమ్మా. వేలిముద్ర కూడా ఏస్తా. మిగతా వాళ్లని కూడా లాక్కొస్తా. ఆవిడ పింఛను ఆపొద్దని చెప్పు."

మంజీర అక్కడే కృపాకరరావు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. విషయం చెప్పింది.

"అట్లయినచో," అన్నారాయన తాపీగా, "సదరు అవ్వ లైసెన్సు లేకుండా ద్రవ వస్తువును ఇతరులకు పంపిణీ చేసినట్లగును. అది క్రిమినల్ కేసు. జైలు కూడా ఉండవచ్చును. రాయించమంటారా?"

"వద్దు సార్!"

"ఆలోచించుకోండి. వారే తాగినారంటే పింఛను పోవును. వేరొకరికి ఇచ్చినారంటే జైలు. నిబంధనలలో మూడో మార్గం లేదు."

"అసలు ఆ సీసాలు వాళ్లకి చేరలేదంటే?"

అటువైపు పుస్తకం పేజీలు తిరిగిన చప్పుడు. "చేరలేదనగా... తప్పు బట్వాడా అగును. అప్పుడు దోషం తమది. వారి పేర్లు జాబితా నుండి తొలగిపోవును. కానీ అమ్మా, ఆ నాలుగు వందల పన్నెండూ తమ శాఖ లెక్క నుండి కూడా తొలగిపోవును. మిగిలేది ఒక్కటి."

ఆ ఒక్కటీ దగ్గు మందు హెడ్మాస్టరుది. అంటే ఆఫీసు పెదమిట్టలో కలిసిపోతుంది. అవ్వలకి పింఛను వస్తుంది, తీసుకోవడానికి పద్నాలుగు కిలోమీటర్లు పోవాలి. ఆఫీసు ఉంచుకుంటే పక్కనే ఉంటుంది, ఇవ్వడానికి మాత్రం ఏమీ ఉండదు. మంజీర గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూసింది. దూరంగా ఉన్న పింఛను, దగ్గరగా ఉన్న సున్నా. దీనికి బీటెక్ అక్కర్లేదు.

"ఫారాలు పంపించండి సార్," అంది.

ఫారాలు నింపడానికి మూడు రోజులు పట్టింది. సీసాకొకటి. ప్రతి ఫారంలో 'తప్పు జరుగుటకు కారణము' అని ఒక గడి. మొదటి యాభైలో 'అజాగ్రత్త' అని రాసింది. తర్వాత 'ఎండ'. నూటా ఇరవయ్యో ఫారం దాటాక విసుగొచ్చి 'సుబ్బరత్తమ్మ గారు దూరం నుంచి మస్తానయ్య గారిలా కనిపించారు' అని రాసింది. రెండొందల దగ్గర దావీదు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇళ్లకి తీసుకుపోయి ఇచ్చింది నేను గదా. ఆ గడిలో నా పేరు ఎందుకు లేదు?"

"నీకు ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్ బాబాయ్. రిమార్కు పడితే వచ్చే డబ్బు ఆగిపోతుంది."

"ఇటియ్యి పెన్ను." ఒక్కొక్క ఫారం మీదా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టుకుంటూ పోయాడు. "నాలుగొందల తప్పులు ఒక్క ఆడపిల్లే చేసిందంటే ఎవరు నమ్ముతారమ్మా? ఇద్దరం కలిసి చేసినా నమ్మరు. కాకపోతే వాళ్లు నమ్మరు, చదువుతారు. అంతే గదా కావాల్సింది."

మరుసటి నెల ఐదో తారీఖున మిషను పచ్చగా వెలిగింది. అవ్వల పింఛన్లు పాత నెలతో కలిపి వచ్చాయి. సుబ్బరత్తమ్మ, "చెప్పలా, వేలుదే తప్పు" అంది.

ఆరో తారీఖున కృపాకరరావు గారి జీపు. ఈసారి ఆయన చేతిలో రెండు కవర్లు.

"ఇది విలీన ఉత్తర్వు," అన్నారు మొదటి కవరు బల్ల మీద పెట్టి. మంజీర కవరు విప్పింది. ఎదురుచూస్తున్నదే అయినా ఆ కాగితం అంత తెల్లగా ఉంటుందనుకోలేదు. "అయితే ఇది ఈ రోజు అమలు కాదు. తప్పు బట్వాడా అయిన వస్తువుల విచారణ పెండింగులో ఉన్నంతకాలం ఆ కార్యాలయాన్ని మూయరాదని నిబంధన." రెండో కవరు పెట్టారు. "కావున ముందు విచారణ ముగించి, సాయంత్రం కార్యాలయం మూసెదము. వస్తువులు ఎక్కడున్నవో కనుగొన్నచో చాలు."

ఎక్కడున్నాయో కనుక్కోవడం అంత కష్టమేం కాలేదు. పాత సామాన్లవాడికి వేద్దామని అవ్వలు ఖాళీ సీసాలన్నీ సుబ్బరత్తమ్మ దొడ్లో గోతాల్లో దాచిపెట్టారు. దావీదు, మస్తానయ్య మోసుకొచ్చి ఆఫీసు ముందు దించారు. మోయమన్నది ఇన్‌స్పెక్టర్ గారే; అవి ఆ దొడ్లోకి ఎలా చేరాయని మాత్రం ఆయన అడగలేదు, ఫారంలో ఆ గడి లేదు. వద్దనడానికి ఎవరికీ ఒక సాకు దొరకలేదు. కృపాకరరావు గారు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. నాలుగు వందల పన్నెండు. ఒక్కటి కూడా తగ్గలేదు. ఆయన మొహంలో సంతోషం పొంగింది. వాకిట్లో నిలబడి చూస్తున్న అవ్వల మొహాలు వాడిపోయాయి.

"అన్నియు లభ్యమైనవి," అన్నారాయన పెన్ను తీసి. "విచారణ ముగిసినది అని రాసుకోండమ్మా."

మంజీర పెన్ను తీసుకుంది. రాయలేదు. మొదటి సీసా పట్టుకుని తూకం మీద పెట్టింది.

"ఏం చేయుచున్నారు?"

"లభ్యమైన వస్తువును తూచవలెను కదా సార్," అంది మంజీర. తన నోట్లోంచి ఆ 'వలెను' అంత సాఫీగా రావడం తనకే వింతగా అనిపించింది. "బుక్ చేసినప్పటి బరువు పదకొండు వందల యాభై గ్రాములు. ప్రస్తుత బరువు నాలుగు వందలు. ఏడు వందల యాభై గ్రాములు కనబడుటలేదు సార్."

కృపాకరరావు గారు తూకం మీదికి వంగారు. పాపం ఆయన మంచి ఉద్యోగి. ముప్పై ఏళ్లుగా బరువు కలవని వస్తువు మీద ఆయన సంతకం పెట్టి ఎరగరు.

"వస్తువులో అధిక భాగం ఆచూకీ లేదు," అంది మంజీర మెల్లగా. "దానికి వేరుగా, తమరు స్వయంగా, సాక్షులను పిలిచి..."

"అవును. పాక్షికంగా లభ్యమైన వస్తువు. పదిహేను రోజులకొక వస్తువు చొప్పున విచారణాధికారి స్వయంగా విచారించవలెను." ఆయన నుదురు తుడుచుకున్నారు. "ఆ లెక్కన ఇవన్నీ..."

మంజీర అప్పటికే మనసులో లెక్క వేసేసింది. పదిహేనేళ్లు దాటుతుంది, సెలవులు కలపకుండా. ఏమీ తెలియనట్టు మొదటి ఫైలు తెరిచి, మస్తానయ్య వైపు చెయ్యి చూపించింది. "మొదటి సాక్షి సార్."

మస్తానయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సదరు ద్రవం," అన్నారు కృపాకరరావు గారు గొంతు సవరించుకుని, "ప్రస్తుతం ఎక్కడున్నది?"

మస్తానయ్య మంజీర వైపు చూశాడు. దావీదు వైపు చూశాడు. పింఛను పుస్తకాలు గుండెకి పెట్టుకుని వాకిట్లో నిలబడ్డ ముప్పై ఒక్కమంది అవ్వల వైపు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, చిటికెన వేలు పైకెత్తి చూపించాడు.

"అది మూడు నెలల కిందటే ఎల్లిపోయింది సార్."

కృపాకరరావు గారు తలాడించి, ఒక్కొక్క అక్షరం పలుకుతూ రాశారు. "ద్రవం... సదరు వ్యక్తి నుండి... బయలువెడలినది. ఎచటికి వెడలినదో... తదుపరి వాయిదాలో... విచారించవలెను."

మంజీర దాని మీద తారీఖు ముద్ర గట్టిగా కొట్టింది.